గేటు కెమెరా వీడియో ఆగి ఆగి రావడం గురించి

నమస్కారం అండి. ఇంట్లోని నాలుగు వైఫై కెమెరాలలో గేటు దగ్గరిది మాత్రమే ఆగి ఆగి వస్తోందనీ, మిగిలిన మూడూ ఫోనులో సాఫీగానే కనిపిస్తున్నాయనీ మీరు రాశారు కనుక, లోపం మీ ఇంటర్నెట్ ప్లానులో ఉందని నేను అనుకోవడం లేదు. ఎవరు చెప్పినా పెద్ద ప్లానుకు మారే ఖర్చు ఇప్పుడే పెట్టకండి.

ముందు ఫోనును ఇంటి వైఫైలోనే ఉంచి ఆ కెమెరాను చూడండి. అప్పుడు కూడా ఆగుతుంటే, రౌటరుకూ గేటుకూ మధ్య సిగ్నల్ బలహీనంగా ఉండే అవకాశమే ఎక్కువ. మా ఇంట్లో సాయంత్రం ఇనుప గేటు మూయగానే బొమ్మ నిలిచిపోయేది. కెమెరాను గేటు స్తంభం మీది నుంచి వరండా దూలానికి మార్చాక సర్దుకుంది. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లు కూడా 2.4 గిగాహెర్ట్జ్ అనే అదే వైఫై తరంగశ్రేణిలో రద్దీ చేస్తుంటాయి కాబట్టి, రౌటరు సెట్టింగులలో ఛానెలును (ఆ శ్రేణిలో మీ వైఫై వాడే భాగాన్ని) 'ఆటో'లో వదలకుండా 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి మార్చి చూడండి.

ఆ తరువాత కెమెరా సెట్టింగులలో ఫ్రేమ్ రేటును (సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్యను) 25 నుంచి 15కు, బిట్‌రేటు (సెకనుకు పంపే డేటా) 4096 కేబీపీఎస్, అంటే కిలోబిట్లు, ఉంటే 2048కి తగ్గించండి. మనుషుల కదలికలు గమనించడానికి ఇది చాలు, అయితే రాత్రిపూట బండి నంబరు స్పష్టత కొంత తగ్గవచ్చు. ఫోనులో చూసేటప్పుడు మెయిన్ స్ట్రీమ్‌కు (పూర్తి నాణ్యత వీడియోకు) బదులు సబ్ స్ట్రీమ్ (తక్కువ డేటాతో వచ్చే వీడియో) ఎంచుకోండి.

ఇవేవీ పనిచేయకపోతే, ఆ కెమెరాకు లాన్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ పెట్టే రంధ్రం) ఉన్నట్లయితే రౌటరు నుంచి క్యాట్-6 రకం నెట్‌వర్క్ కేబుల్ లాగించండి. 100 మీటర్ల లోపు దూరానికి అంతకన్నా నమ్మకమైన మార్గం నాకు కనిపించలేదు.