పెద్దవాళ్లకు ఎలాంటి పొడుపు కథలు, చిక్కు ప్రశ్నలు అడిగితే బాగుంటుంది?

డెబ్బై అయిదేళ్లు దాటిన మీ నాన్నగారికీ, వారి స్నేహితులకూ కాలక్షేపంగా ఎలాంటి చిక్కు ప్రశ్నలు అడగవచ్చని మీరు అడిగారు. తెనాలిలో మేముంటున్న అపార్ట్‌మెంటులో మా అమ్మ, మరో ఏడెనిమిది మంది పెద్దలు ప్రతి ఆదివారం సాయంత్రం కింది హాలులో కూర్చుంటారు. నాలుగేళ్లుగా వారికి ప్రశ్నలు సిద్ధం చేస్తున్నది నేనే కనుక నా అనుభవంలో తేలిన సంగతులు రాస్తున్నాను.

మొదటి నెలలో నేను ఒక పొరపాటు చేశాను. ఫోనుల్లో తిరిగే చిలిపి ప్రశ్నలు కొన్ని కాగితం మీద రాసుకుని వెళ్లాను. వాటిలో ఒకటి ఇది: కరెంటు రైలు ఉత్తర దిక్కుగా పోతోంది, గాలి పడమటి నుంచి వీస్తోంది, పొగ ఎటు పోతుంది? మా వారిలో రైల్వే గార్డుగా పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బొగ్గు ఇంజన్ల బళ్లమీద పనిచేసిన మనిషి కావడం వల్ల ఆయన దృష్టి పొగ దగ్గరే నిలిచింది. గాలి వాలునూ బండి వేగాన్నీ కలిపి శ్రద్ధగా వివరించడం మొదలుపెట్టారు. నేను మధ్యలోనే అందుకుని కరెంటు రైలుకు పొగ ఉండదన్నాను. పక్కనున్న పిల్లలు పెద్దగా నవ్వారు. తరవాత రెండు ఆదివారాలు ఆయన కిందికి దిగలేదు. నేను ఇంటికి వెళ్లి క్షమించమని అడిగితే, "నాకు తెలియనిది అడిగి ఉంటే ఓడినా నవ్వేవాణ్ణమ్మా, ముప్ఫై అయిదేళ్లు చేసిన పనిలో ఓడించావు" అన్నారు.

ఆ రోజు నుంచి, వినేవారిని బోల్తా కొట్టించడం తప్ప వేరే సారం లేని ప్రశ్నలను నేను పక్కన పెట్టాను. పెద్దవాళ్లు చూసిన వస్తువులు, చేసిన పనులు, పలికిన వరసలు తాళంచెవులుగా పనికొచ్చే ప్రశ్నలనే వెతుకుతున్నాను. మన పొడుపు కథలలో చాలా భాగం ఇలాంటివే. "అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖమున ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువున ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనయ్యాను" అన్నదాన్ని పొడిస్తే, పేడ కలిపి గోడకు కొట్టిన చేతులు ఆలోచించే పనే లేకుండా పిడక అని విప్పేస్తాయి. అడవిలో పుట్టి, అడవిలో పెరిగి, మా ఇంటికొచ్చి తైతక్కలాడేది ఏమిటని అడిగినప్పుడు ఒక పిల్లవాడు కీ ఇచ్చే బొమ్మ అన్నాడు. మా అమ్మ కుర్చీలో ముందుకు జరిగి, రెండు చేతులతో కవ్వం తాడు లాగే తీరు చూపించింది. మోకాళ్ల నొప్పులతో రోజంతా మంచం దిగని మనిషిలో ఆ కదలిక చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది.

అందువల్ల నా మొదటి సలహా, పొడిచే పని కూడా వారికే అప్పగించండి. జవాబు చెప్పేవారిగానే కూర్చోబెడితే అది పరీక్షలా ఉంటుంది. చిన్నప్పుడు ఆరుబయట మంచాల మీద విన్నవాటిని వారు పొడిచి, మనవలు విప్పలేక తికమకపడుతుంటే చూడడంలో వారికి కలిగే తృప్తి వేరు.

వరసల చిక్కులు ఆడవారికి మరీ ఇష్టం. బండి మీద ఒక మగమనిషీ, ఒక ఆడమనిషీ వెళుతున్నారు. దారిలో ఎవరో వారి వరస అడిగితే ఆమె, "ఈయన మామగారూ, మా మామగారూ తండ్రీకొడుకులు" అంటుంది. ఆమెకు ఆయన ఏమవుతాడు? అల్లుడవుతాడు. అల్లుడి మామగారంటే ఆమె భర్తే కదా, ఆ భర్త తండ్రి ఆమెకు మామగారు. భర్త పేరు నోట పలకని తరం స్త్రీలకు ఈ చుట్టు తిప్పిన మాట ఎంత సహజంగా తోస్తుందో మీరే చూడవచ్చు. మా దగ్గర ఒక బామ్మగారు దీన్ని క్షణంలో విప్పి, "ఆమె అతని బావమరిది కోడలైనా సరిపోతుంది కదా" అని రెండో జవాబు కూడా చెప్పారు. నిజమే, అల్లుడి మామగారిని తండ్రిగానూ, ఆమె మామగారిని కొడుకుగానూ తీసుకుంటే ఆ వరస కూడా కుదురుతుంది. ఇన్నేళ్లుగా అడుగుతున్నా అది నాకు తట్టలేదు.

లెక్కల చిక్కుల్లో నేను ఎప్పటికీ మరవలేనిది మణుగు రాయి. ఒక మణుగు రాయి కింద పడి నాలుగు ముక్కలైంది. ఆ నాలుగు ముక్కలతోనే ఒక సేరు మొదలు నలభై సేర్ల వరకు ఎంత బరువునైనా తూచగలిగితే ఒక్కొక్క ముక్క బరువెంత? కిలోలలో అడిగిన మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. మెట్రిక్ తూకాలు రావడం 1958లోనే మొదలైనా, మావారిలో పెద్దవారు అంతకుముందు వీశెలతోనూ సేర్లతోనూ పెరిగినవారు. అయిదు సేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు అన్న లెక్క వారికి నోటికి వచ్చు. తండ్రిగారి కిరాణా కొట్లో చిన్నతనమంతా గడిపిన ఎనభై ఆరేళ్ల పెద్దాయన, సేర్లలో అడగగానే కళ్లు మూసుకుని కూర్చున్నారు. పావుగంట తరవాత, "సరుకున్న పళ్లెంలో కూడా రాయి వెయ్యొచ్చు కదా" అన్నారు. ముడి ఉన్నది సరిగ్గా అక్కడే. ముక్కలు ఒకటి, మూడు, తొమ్మిది, ఇరవై ఏడు సేర్లు. వీశె సరుకు తూచాలంటే ఒక పళ్లెంలో తొమ్మిది సేర్ల ముక్క పెట్టి, సరుకు పక్కన మూడూ ఒకటీ పెడితే సరిపోతుంది. ఆయన మిగిలిన బరువులన్నీ వేళ్ల మీద వరసగా చెబుతూ పోతుంటే మేమంతా భోజనాల వేళ కూడా మరచిపోయి విన్నాము.

మూడు గుళ్ల లెక్క కూడా బాగా నడుస్తుంది. ప్రతి గుడి ముందున్న కోనేటిలో ముంచితే పూలు రెట్టింపవుతాయి. మూడు గుళ్లలోనూ సమానంగా పూలు పెట్టాక బుట్ట ఖాళీ అయితే మొదట తెచ్చినవి కనీసం ఎన్ని? ఏడు తెచ్చి ఎనిమిదేసి పెట్టాలి. కనీసం అన్న మాట వదలకండి. లేకపోతే పద్నాలుగు తెచ్చి పదహారేసి పెట్టినా లెక్క సరిపోతుంది.

పద్యాల మీద మక్కువ ఉన్నవారికి పంచభూతాల చాటువు వినిపించండి. నాలుగవ దానికి పుట్టినవాడు అయిదవ దాని దారిన వెళ్లి, మొదటి దాని కూతురిని చూసి, మూడవ దాన్ని అక్కడ ఉంచి, రెండవ దాన్ని దాటి వచ్చాడు. భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం అన్న క్రమం తట్టిందంటే ఒక్కసారిగా సుందరకాండ మొత్తం కళ్లముందు నిలుస్తుంది. వాయుపుత్రుడు ఆకాశ మార్గాన వెళ్లి, భూపుత్రిక సీతను చూసి, లంకకు నిప్పుపెట్టి, సముద్రం దాటి వచ్చాడు. వరస సంఖ్య తప్ప ఏమీ చెప్పకుండా అంత కథను ఇమిడ్చిన కవి నేర్పుకు నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

అడిగే తీరు గురించి కొంత చెప్పాలి. చెవి మందగించినవారు ఉంటే ఒక అక్షరం తేడాతో అర్థం మారే శ్లేష ప్రశ్నలు వద్దు, వినబడకపోవడాన్ని అందరూ తెలియకపోవడంగా భావిస్తారు. ప్రశ్నను నిదానంగా రెండుసార్లు చెప్పి, తరవాత మౌనంగా ఉండండి. చిన్నవాళ్లు ముందుగా జవాబు అరిచేయకుండా చూడడం మీ బాధ్యతే. సాయంత్రానికి నాలుగైదు ప్రశ్నలు చాలు.

ఇవి మతిమరుపును ఆపుతాయని నేను ఎవరికీ చెప్పను. రోజువారీ పనులకు అడ్డుపడేంత మరపు కనిపిస్తే వైద్యుడికే చూపించాలి. అయితే ఉదయం తిన్న టిఫిను గుర్తులేని ఒక అమ్మమ్మగారు మాతో కూర్చుంటారు. ఆమెను జవాబు అడగము. "చెయ్యని కుండ, పోయని నీళ్లు" అని మొదలుపెట్టి ఆగుతాము. "వెయ్యని సున్నం, తియ్యగ నుండు" అని ఆమె పూర్తిచేస్తారు. కొబ్బరికాయ అన్న మాట ఒక్కొక్కసారి వస్తుంది, ఒక్కొక్కసారి రాదు. రాని రోజున మరెవరూ ఆ మాట అందించరు, తరవాతి ప్రశ్నకు వెళ్లిపోతాము.

మీ నాన్నగారు ఏ వృత్తిలో ఉండేవారో, వారి స్నేహితులు ఏయే పనులు చేసినవారో మీరు రాయలేదు. అది తెలిపితే, వారి పనికి దగ్గరగా ఉండే ప్రశ్నలు నా పుస్తకంలోంచి ఏరి ఇక్కడే రాస్తాను.