పదిహేను నెలల నర్సింగ్ చదువు: వీకెండ్ పని చెయ్యాలా, అప్పు చెయ్యాలా?

ప్రశ్న: నా వయసు 34. కాకినాడ జేఎన్‌టీయూలో ఈసీఈ చదివాను. పెళ్లయ్యాక అమెరికా వచ్చి చాలా ఏళ్లు హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉన్నాను. పోయినేడు గ్రీన్‌కార్డులు వచ్చాయి. ఈలోపు కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ ఒక్కొక్కటిగా పూర్తి చేశాను. ఇప్పుడొక ప్రైవేటు యూనివర్సిటీలో 15 నెలల యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్‌లో (నర్సింగ్ డిగ్రీ) సీటు వచ్చింది. జనవరిలో మొదలు. ఫీజు 58,000 డాలర్లు. మావారి జీతం ఏడాదికి 1,48,000. అన్నీ పోను నెలకు 8,700 చేతికొస్తాయి, 7,100 ఖర్చవుతాయి. బ్యాంకులో 48,000, ఆయన 401కె అనే రిటైర్మెంట్ ఖాతాలో 1,70,000 ఉన్నాయి. విజయవాడ దగ్గర మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం ఉంది. పిల్లలకు 8, 4 ఏళ్లు. అప్పంటే ఇంట్లో అందరికీ భయం. శని, ఆదివారాలు ఏదైనా పని చేస్తే నెలకు 1,200 వస్తాయి, పిల్లల్ని చూసుకోడానికి మా అమ్మను పిలిపిద్దామనుకుంటున్నాను. మిగతా డబ్బు 401కె నుంచి తియ్యాలా, స్థలం అమ్మాలా?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ముందు విషయం చెప్పేస్తానమ్మా. వీకెండ్ పని పెట్టుకోకండి. 401కె ముట్టుకోకండి. స్థలం అమ్మకండి. ఫెడరల్ స్టూడెంట్ లోన్ తీసుకోండి, పిల్లల్ని చూసే మనిషికి డబ్బు పెట్టండి. ఈ పదిహేను నెలలూ మీ ఇంట్లో అన్నిటికంటే ఖరీదైంది మీ టైమే. దాన్ని మిగుల్చుకోడానికి పెట్టే ఖర్చును దుబారా అనుకోకండి.

ఎందుకంటున్నానో చెబుతాను. మామూలుగా రెండేళ్లకు పైగా పట్టే నర్సింగ్ కోర్సులన్నీ, హాస్పిటల్ డ్యూటీలతో సహా, పదిహేను నెలల్లోకి కుదించేస్తారు. వేసవి సెలవులుండవు. క్లినికల్ (హాస్పిటల్ డ్యూటీ) ఉన్న రోజు ఎలా గడుస్తుందో ఊహించండి. ఉదయం ఏడింటి షిఫ్టు అంటే పావుతక్కువ ఏడుకే ఫ్లోర్ మీద ఉండాలి. అంటే ఆరుకల్లా కారు తియ్యాలి. పన్నెండు గంటలు నిలబడి, రాత్రి నర్సు హ్యాండోవర్ తీసుకున్నాక బయటపడేసరికి ఏడు దాటుతుంది. ఇల్లు చేరేసరికి ఎనిమిది. చిన్నపిల్ల డేకేర్ సాయంత్రం ఆరుకో ఆరున్నరకో మూసేస్తారు. ఇంటికొచ్చాక పేషెంట్‌కు ఏం చెయ్యాలో కేర్ ప్లాన్ రాయాలి. మర్నాడు మందుల మోతాదు లెక్కల పరీక్ష. అలాంటివి వారానికి రెండు రోజులు, మిగతా రోజుల్లో క్లాసులు, స్కిల్స్ ల్యాబ్. ఇక చదువుకోడానికి మిగిలేది ఆ శని, ఆదివారాలే. వాటినే మీరు నెలకు 1,200 డాలర్లకు అమ్ముదామంటున్నారు.

దీన్ని లెక్కలో పెట్టి చూద్దాం. పదిహేను నెలలకు వీకెండ్ సంపాదన 18,000, అదీ ట్యాక్సు కట్టకముందు. చాలా నర్సింగ్ స్కూళ్లలో పరీక్షల సగటు 75 దగ్గరో ఇంకాస్త పైనో ఉంటేనే పాసు. ఒక్క కోర్సు పోతే తర్వాతి బ్యాచ్ వచ్చేదాకా ఆగి మళ్లీ ఫీజు కట్టి చదవాలి. రెండోది పోతే చాలాచోట్ల ప్రోగ్రామ్ నుంచే పంపించేస్తారు. ఒక టర్మ్ వెనకపడితే ఉద్యోగం నాలుగు నెలలు వెనక్కి పోతుంది. కొత్త నర్సుకు ఏడాదికి 72,000 అని కాస్త తక్కువగానే వేసుకుందాం (దేశం మొత్తం మీద రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ జీతం 2024 మే లెక్కల్లో 93,600). నాలుగు నెలలకు 24,000 పోయినట్టే, ఆ కోర్సు ఫీజు పైన. 18,000 కోసం అంతకంటే పెద్ద మొత్తాన్ని పణంగా పెట్టడమే అవుతుంది. హాస్పిటల్ అనుభవం కావాలనుకుంటే జనవరి లోపు పేషెంట్ కేర్ టెక్నీషియన్‌గా కొన్ని షిఫ్టులు చెయ్యండి. రేపు ఉద్యోగానికి అదే హాస్పిటల్లో మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లుంటారు. క్లాసులు మొదలయ్యాక మాత్రం ఆపెయ్యండి.

మరి డబ్బు ఎక్కడినుంచి తేవాలి? మొత్తం ఖర్చు ముందు చూద్దాం. ఫీజు 58,000. స్క్రబ్స్, స్టెతస్కోపు, పుస్తకాలు, టీకాల రక్తపరీక్షలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, బీఎల్‌ఎస్ (ప్రాథమిక ప్రాణరక్షణ) సర్టిఫికెట్, నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షకు 200, దాని ప్రిపరేషన్, లైసెన్సు, అన్నీ కలిపి 4,000 వేసుకోండి. పిల్లల డేకేర్, ఆఫ్టర్‌స్కూల్‌కు ఇప్పటికంటే నెలకు 1,100 ఎక్కువ అనుకుంటే 16,500. పెట్రోలు, బయటి తిండి, ఇంటిపనికి మనిషి కలిపి నెలకు 300 చొప్పున 4,500. అంతా 83,000. మీరు ఫీజు ఒక్కటే చూశారు. చాలామంది అక్కడే ఆగిపోయి, ఆర్నెల్లయ్యాక క్రెడిట్ కార్డు మీద పడతారు.

ఇక రాబడి. నెలనెలా మిగిలే 1,600 పదిహేను నెలలకు 24,000. బ్యాంకులో 48,000 ఉన్నా 18,000 మాత్రమే తియ్యండి. మిగిలిన 30,000 మీ నాలుగు నెలల ఇంటి ఖర్చు. ఒక్కరి సంపాదన మీద నడిచే ఇల్లు, అదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కాబట్టి దాన్ని కదపొద్దు.

మీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయానికి దరఖాస్తు) నింపవచ్చు. మీది రెండో డిగ్రీ, మొదటిది ఇండియాలో చదివినా సరే, తిరిగి కట్టనక్కర్లేని పెల్ గ్రాంట్ రాదు. కానీ ఫెడరల్ డైరెక్ట్ లోన్ వస్తుంది. మీలాంటి ఇండిపెండెంట్ అండర్‌గ్రాడ్యుయేట్‌కు విద్యా సంవత్సరానికి 12,500 దాకా ఇస్తారు, మొత్తం మీద 57,500 పరిమితి. 2025-26లో తీసుకున్నవాటికి వడ్డీ 6.39 శాతం, ఏటా జూలైలో మారుతుంది. మీ కోర్సు రెండు విద్యా సంవత్సరాల్లో పడేలా స్కూలు లెక్కకడితే 25,000. ఒక శాతం పైచిలుకు ఫీజు పట్టుకున్నాక 24,700 చేతికొస్తాయి. ఈ లెక్కను స్కూలు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో మెయిల్ ద్వారా రాయించుకోండి. నోటిమాట సరిపోదు.

మీవారు 401కెలో 12 శాతం వేస్తున్నారని తర్వాత మెయిల్‌లో రాశారు. కంపెనీ 6 శాతం దాకా మ్యాచ్ చేస్తోందన్నారు, అంటే తనూ డబ్బు కలుపుతోంది. ఈ పదిహేను నెలలకు 6కు తగ్గించండి, మ్యాచ్ పోదు. ట్యాక్సు పోను నెలకు 570 చొప్పున 8,600 చేతికొస్తాయి. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కింద ఏడాదికి 10,000 ఫీజు మీద 20 శాతం, అంటే 2,000 దాకా ట్యాక్సులో తగ్గుతుంది. జంటగా ఫైల్ చేసేవాళ్లకు 1,60,000 ఆదాయం దాకా పూర్తిగా వస్తుంది, మీరు లోపలే ఉన్నారు. కోర్సు రెండు క్యాలెండర్ సంవత్సరాల్లో ఉంటుంది కాబట్టి 4,000 దాకా, రెండో ఏడాది మీ కొత్త జీతంతో కలిపి ఆదాయం ఆ పరిమితి దాటితే తగ్గుతుంది. ఇక్కడొక జాగ్రత్త. రెండో ఏడాది జనవరి ఫీజును డిసెంబరులోనే కట్టేస్తే అది మొదటి ఏడాది లెక్కలోకి పోతుంది. రెండో ఏడాదికి కనీసం 10,000 కట్టేలా గడువులు మాట్లాడుకోండి.

డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ గురించి మన వాళ్లలో చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. పిల్లల డేకేర్ ఖర్చును ట్యాక్సు లేని డబ్బుతో కట్టే ఖాతా అది. 2026 నుంచి పరిమితి 7,500. భార్యాభర్తలిద్దరికీ సంపాదన ఉండాలన్నది రూలు, అందుకే ఇంట్లో ఉన్న మీకు ఇన్నాళ్లూ అది పనికిరాలేదు. కానీ భార్య ఏడాదిలో కనీసం ఐదు నెలలు ఫుల్‌టైమ్ విద్యార్థి అయితే, చదివిన ప్రతి నెలకూ ఆమె ఇంత సంపాదించినట్టు చట్టమే లెక్కేస్తుంది. ఇద్దరు పిల్లలుంటే నెలకు 500. మొదటి ఏడాది పన్నెండు నెలలూ చదువుతారు కాబట్టి 6,000 వేసుకోవచ్చు. ట్యాక్సులో 1,780 దాకా మిగులుతుంది. ఇది మీవారి కంపెనీలో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా బెనిఫిట్లు ఎంచుకునే గడువు) అప్పుడే ఎంచుకోవాలి, అంటే ఈ అక్టోబరు, నవంబరులోనే. డేకేర్ వాళ్ల ట్యాక్స్ నంబరు ఇవ్వాలి. క్యాష్ తీసుకుని పిల్లల్ని చూసే పక్కింటావిడ తన నంబరు ఇవ్వకపోతే ఆ ఖర్చును లెక్కలో చూపించడం కష్టం.

ఇవన్నీ కలిపితే 81,000 పైచిలుకు. ఇంకా 1,900 తక్కువ. ఆ కాస్త మాత్రం బ్యాంకులో కదపొద్దన్న డబ్బు నుంచి తీసుకోండి, అక్కడ ఇంకా 28,000 ఉంటాయి.

401కె ఎందుకు వద్దంటే, 22 శాతం ట్యాక్సు, 10 శాతం పెనాల్టీ పోను 20,000 చేతికి రావాలంటే సుమారు 29,400 తియ్యాలి. కాలేజీ ఫీజు కోసమని చెప్పినా 401కెలో పెనాల్టీ తప్పదు. ఆ మినహాయింపు ఐఆర్‌ఏలకే (ఎవరికివారు పెట్టుకునే రిటైర్మెంట్ ఖాతాలు). 401కె మీద లోన్ తీసుకుంటే పెనాల్టీ ఉండదు నిజమే. కానీ మీవారి ఉద్యోగం పోతే, మరుసటి ఏడాది ట్యాక్సు ఫైలింగ్ గడువులోపు మిగిలిన బాకీ కట్టాలి, లేకపోతే అదంతా విత్‌డ్రాయల్ కిందికి వస్తుంది. ఉద్యోగం పోయిన సమయంలో ఈ బాకీ కూడా మీద పడకూడదు. ఫెడరల్ లోన్ అలా కాదు, మీరు చదువుతున్నంతకాలం, ఆ తర్వాత ఆరు నెలలు వాయిదాలు కట్టమని అడగరు.

స్థలం అమ్మడం జనవరి ఫీజుకు అందే పని కాదు. ఎన్‌ఆర్‌ఐ అమ్మితే కొన్నవాళ్లు టీడీఎస్ పట్టుకోవాలి. లాభం మీద ట్యాక్సు 12.5 శాతమే అయినా, ముందే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం ధర మీద పట్టుకుంటారు, తర్వాత రిఫండ్ కోసం ఎదురుచూడాలి. ఇక్కడ అమెరికాలో కూడా ఆ లాభం చూపించాలి, అక్కడ కట్టినదానికి క్రెడిట్ వస్తుంది. నాన్నగారు ఇచ్చింది కాబట్టి ఆయన కొన్న ధరే అసలు ధర, అంటే లాభం ఎక్కువగానే తేలుతుంది. అన్నిటికీ మించి అది మీ పేరు మీద ఉన్న ఒకే ఆస్తి. ఉండనివ్వండి.

మీ అమ్మగారి గురించి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు సాధారణంగా ఆరు నెలలే ఇస్తారు, మీ చదువు పదిహేను నెలలు. ఆవిడ కారు నడపరు కాబట్టి స్కూలు, డేకేర్ తిప్పడం ఆవిడ వల్ల కాదు. జనవరిలో రప్పించకండి, మే నెలలో రప్పించండి. పెద్దపిల్లకు స్కూలు ఉండదు, మీకు సెలవుండదు, సమ్మర్ క్యాంపులకు వారానికి వందల డాలర్లు పోతాయి. ఆ నెలల్లోనే ఆవిడ అవసరం మీకు ఎక్కువ. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బులకు పెద్దగా ఇవ్వవు, బీపీ, షుగర్ మందులు ఆరు నెలలకు సరిపడా తెప్పించుకోండి. అరవై దాటిన మనిషిని రోజంతా నాలుగేళ్ల పిల్లతో ఒంటరిగా వదిలెయ్యకండి. డేకేర్ సగం రోజైనా కొనసాగించండి.

మీవారికీ చెప్పాల్సింది ఉంది. క్లినికల్ రోజుల్లో డేకేర్ పికప్ ఆయనదే. ఆఫీసు క్యాలెండర్‌లో ఆ టైము ఇప్పుడే బ్లాక్ చేయించండి. వంట గురించి మొహమాటపడకండి. మీ చుట్టుపక్కల ట్రేలు చేసి ఇచ్చే తెలుగు ఆంటీలు ఉంటారు, వారానికి రెండు ట్రేలు తెప్పించుకుంటే మీకు ఒక సాయంత్రం మిగులుతుంది. నేను వేసిన 300లో అది ఉంది. ఆయన పేరు మీద టర్మ్ ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చేది తప్ప ఇంకేమీ లేకపోతే, జనవరి లోపు విడిగా ఒకటి తీసుకోండి.

సీటు వచ్చాక ఈ మాట ఎందుకంటారేమో, కానీ మీరు అడగకపోయినా చెప్పాలి. మీ దగ్గర్లోని కాలిన్ కాలేజీ, డాలస్ కాలేజీల్లో రెండేళ్ల ఏడీఎన్ (నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ) ఉంది. ఫీజు దీంతో పోలిస్తే చాలా తక్కువ. రాసేది అదే ఎన్‌క్లెక్స్. తర్వాత ఉద్యోగం చేస్తూ యూటీ ఆర్లింగ్టన్‌లో ఆన్‌లైన్ బీఎస్‌ఎన్ చెయ్యొచ్చు. మీరు చేరబోయేదానికంటే తొమ్మిది నెలలు ఎక్కువ పడుతుంది, ఆ తొమ్మిది నెలల జీతం ట్యాక్సుకు ముందు 54,000. ఫీజులో మిగిలేది దాదాపు అక్కడే పోతుంది. సీటు కోసం మళ్లీ అప్లై చేసి ఆగాల్సిన కాలం అదనం. అందుకే మీ సీటు వదులుకోమనను. పదిహేను నెలల వేగం మీ ఇంటికి మరీ బరువనిపిస్తే మాత్రం అది మంచి దారే, తక్కువ దారి కాదు.

ఇంకా హెచ్-4లో ఉన్న పాఠకులకు ఈ లెక్క వర్తించదు. ఫెడరల్ లోన్ రాదు. చదవడానికి ఇబ్బంది లేదు కానీ ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకుండా నర్సుగా పని చెయ్యలేరు. ఫీజు కట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. డైరెక్ట్ ఎంట్రీ ఎంఎస్‌ఎన్ (వేరే డిగ్రీతో నేరుగా చేరే నర్సింగ్ మాస్టర్స్) చూస్తున్నవాళ్లూ గమనించండి: 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ లేదు. ఖర్చులో మిగిలినదానికి ప్రైవేటు లోన్ తప్పకపోవచ్చు.

డిపాజిట్ కట్టేముందు రెండు పనులు చెయ్యండి. టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ప్రతి స్కూలు ఎన్‌క్లెక్స్ పాస్ శాతాన్ని ఏటా పెడుతుంది. మీ స్కూలుది మూడు నాలుగేళ్లది చూడండి. మొదటిసారి రాసినవాళ్లలో 80 శాతం పాసవ్వాలన్నది బోర్డు ప్రమాణం. ఆ తర్వాత అడ్మిషన్స్‌ను సూటిగా అడగండి: మొదలుపెట్టినవాళ్లలో ఎంతమంది అదే బ్యాచ్‌తో బయటికొచ్చారు, మధ్యలో ఆపితే ఎంత వాపసిస్తారు?

ఉద్యోగం వచ్చాక సైన్-ఆన్ బోనస్ అని ఊరిస్తారు. రెండేళ్లు ఉండాలనో, ముందే వెళ్తే తిరిగి కట్టాలనో అందులో రాసి ఉంటుంది. దానికంటే లోన్ తీర్చడంలో సాయం చేసే హాస్పిటల్ మేలు, ఏడాదికి 5,250 దాకా దాని మీద మీకు ట్యాక్సుండదు. నర్సుల కొరత ఉన్న చోట్ల పనిచేస్తే నర్స్ కోర్ అనే ఫెడరల్ పథకం రెండేళ్లలో చదువు అప్పులో 60 శాతం తీరుస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ అర్హత ఉంది, పోటీ ఎక్కువే. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు నాకు పంపండి, ఆ షరతులు చదివి చెబుతాను.