హాలీయా, కల్దారా?

తమ్మీ,

నిజాం సర్కారు నోట్ల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివిన. '1948 సెప్టెంబరు 17తో నిజాం నోటు చిత్తుకాగితమైంది' అన్న మొదటి వాక్యం కొట్టెయ్యి. వినసొంపుగానే ఉంది గానీ అబద్ధం. సర్కారు లొంగిపోయినంక కూడా హాలీ సిక్కా, అంటే నిజాం సర్కారు సొంత రూపాయి, బజార్ల నడిచింది. కొత్తగ వెయ్యడం 1951లో ఆగింది, పూర్తి రద్దు 1959లో. పడిపోయిన సర్కారు నోటుతోనే జనం అన్నేండ్లు ఉప్పు, పప్పు కొన్నరు. నీ వ్యాసం అక్కడ మొదలు కావాలె.

లెక్కల కాడ నేను బోర్ల పడ్డ సంగతి చెప్త. ఓ పాత దుకాణం చిట్టాల 700 రూపాయల బాకీ కనబడితే అట్లనే అచ్చుకిచ్చిన. అది హాలీ లెక్క. కల్దార్ల, అంటే ఇంగ్లీషోళ్ల ఇండియా రూపాయిలల్ల, 600 మాత్రమే. నూరు కల్దారుకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. ఓ పెద్దమనిషి కార్డు రాసి మరీ తిట్టిండు. అప్పటినుంచి ఏ అంకె రాసినా పక్కన హాలీయో కల్దారో రాసుకుంటున్న. చిట్టాల ఉన్నది ఉన్నట్టు రాయి, మార్చిన లెక్క వేరుగ పెట్టు.

తేదీలు కూడా గంతే. ఫస్లీ, అంటే నిజాం సర్కారు లెక్కల ఏడు, అక్టోబరుల, ఆజూర్ నెలతో మొదలైతది. ఇంగ్లీషు ఏడు కావాలంటే ఫస్లీకి డిసెంబరు దాక 590 కలుపు, జనవరి వస్తే 591. నువ్వు అంతటా 590 కలిపినవు, రెండుచోట్ల ఏడాది తప్పింది.

లండన్ బ్యాంకుల పడ్డ నిజాం సర్కారు పది లక్షల పౌండ్ల మీద మూడు పేజీలెందుకు? ఆ సొమ్ము ఎవరిదో తేల్చిన 2019 తీర్పు దాక అందరు రాసిందే. ఒక్క పేరా చాలు.

నీ దగ్గరున్న అయిదు రూపాయల నోటు మీద మాత్రం నాలుగు ముక్కలే రాసినవు. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషుల విలువ అచ్చేసిన నోటు అది. ఫొటోల చూస్తే నడిమి మడత దగ్గర బట్టలెక్క మెత్తబడ్డది, మూలకు గుండుసూది పొడిచిన రెండు బొక్కలున్నయి. దేనికి కుట్టి పెట్టిన్రో? ఎవరి పెట్టెల దొరికిందో కూడా నువ్వు రాయలేదు. ముందు అది అడిగి రాయి.

మీ అన్న