మాట పుట్టుక: ‘హ్యాక్’ అంటే దొంగతనమేనా?

ప్రశ్న: డిజిటల్ రూపంలో దొరుకుతున్న పాత ఇంగ్లీషు కళాశాల పత్రికలు చదువుతుంటే ‘హ్యాక్’ అన్న మాట ఒకచోట అద్దె బండిగా, ఒకచోట కొంటె పనిగా, ఇంకొకచోట టెలిఫోన్ మోసంగా కనిపించింది. ఇవన్నీ ఒకే మాటేనా? దానికి చెడ్డ అర్థం ఎప్పుడు వచ్చింది?
— ఒక పాఠకురాలు

జవాబు: రూపం ఒకటే గాని, అందులో కలిసిపోయిన మాటలు రెండు. నరకడం, తుంచడం అనే అర్థంలో ‘హ్యాక్’ చాలా పాత ఇంగ్లీషు క్రియ. ఆగి ఆగి వచ్చే పొడి దగ్గును ‘హ్యాకింగ్ కాఫ్’ అనడం ఈ క్రియ నుంచి వచ్చినదే. రెండవది ‘హ్యాక్నీ’ అన్న మాటకు కుదింపు. మొదట అద్దె గుర్రానికి, తర్వాత అద్దె బండికి, చివరికి డబ్బు కోసం ఏది అడిగితే అది రాసిపెట్టే రచయితకు ఆ పేరు చెల్లింది. కాబట్టి 19వ శతాబ్దపు పత్రికలో విద్యార్థులు రైలు దిగి ‘హ్యాక్’ ఎక్కారని ఉంటే అది గుర్రపు బండే.

మీరు అడిగిన అసలు మలుపు అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీలో కనిపిస్తుంది. అక్కడి బొమ్మ రైళ్ల క్లబ్బు 1955 ఏప్రిల్ నాటి సమావేశపు మినిట్స్‌లో, విద్యుత్ వ్యవస్థ మీద ‘పనిచేసేవారు గానీ, హ్యాకింగ్ చేసేవారు గానీ’ ఫ్యూజులు పోకుండా ముందు కరెంటు ఆపాలన్న విజ్ఞప్తి ఉంది. ఆ ‘గానీ’ని గమనించండి. అప్పగించిన పని వేరు, కుతూహలం కొద్దీ తీగలు విప్పి చూడడం వేరు అన్న తేడా అందులో ఉంది. తప్పు చేస్తున్నారన్న ధ్వని మాత్రం లేదు. నాకు ఈ వాక్యమంటే ఎంతో ఇష్టం, ఎందుకంటే ఒక మాట కొత్త అర్థంలోకి అడుగుపెట్టిన చప్పుడు ఇంత స్పష్టంగా వినబడే సందర్భాలు అరుదు.

ఎనిమిదేళ్ల తర్వాత, 1881 నుంచి వెలువడుతున్న ఎంఐటీ విద్యార్థి పత్రిక ‘ది టెక్’ 1963 నవంబరు 20 సంచికలో టెలిఫోన్ హ్యాకర్ల గురించి ఒక వార్త వేసింది. హ్యాకర్లనబడేవారి వల్ల అనేక టెలిఫోన్ సేవలను కుదించవలసి వచ్చిందని సంస్థ ఫోన్ వ్యవస్థను చూసే ఆచార్యుడు చెప్పినట్లు అందులో ఉంది. హార్వర్డ్‌కూ ఎంఐటీకీ మధ్య ఉన్న లైన్లన్నిటినీ వారు ఒకేసారి ఆక్రమించారట. దూరప్రాంతాలకు ఫోన్లు చేసి ఆ ఖర్చును ఒక రాడార్ కేంద్రం ఖాతాలో వేశారట. పీడీపీ-1 కంప్యూటర్‌ను ఫోన్ వ్యవస్థకు కలిపి, బయటి లైనుకు డయల్ టోన్ వినబడేదాకా వెతికించారట. చెడ్డ అర్థానికి అచ్చులో దొరికిన తొలి ఆధారంగా పరిశోధకులు తరచు చూపేది ఈ వార్తనే. ‘అనబడే’ అన్న విశేషణాన్ని బట్టి చూస్తే, విద్యార్థులు తమలో తాము వాడుకునే మాట అధికారి ఫిర్యాదులోకి చేరిందని నాకు అనిపిస్తుంది. అదే మాట పిల్లల నోట మెప్పు, పెద్దల నోట నింద.

అలాగని మంచి అర్థం అంతరించలేదు. 1994 మేలో ఎంఐటీ పెద్ద గుమ్మటం మీద పోలీసు కారు ప్రత్యక్షమైతే (చెక్క చట్రానికి కారు పైరేకులు బిగించి, లోపల డోనట్ల పెట్టె కూడా ఉంచారు) దాన్ని అక్కడివారు ‘హ్యాక్’ అనే పిలుచుకున్నారు. ఎవరికీ హాని చేయకుండా, నేర్పుతో చేసే చిలిపి పనికి ఆ ప్రాంగణంలో అదే పేరు.

బ్రిటన్ పత్రికలు చదివేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల వాడుకలో ‘హ్యాక్’ అంటే అక్కడి యూనియన్ వంటి సంఘాల పదవుల కోసం పరిచయాలు పెంచుకుంటూ ఓట్లడిగే విద్యార్థి నాయకుడు; ‘హ్యాకింగ్’ అంటే ఆ ఓట్ల వేట. అందుచేత 1920లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ పత్రిక ‘చెర్వెల్’లో ఈ మాట ఎదురైతే కంప్యూటర్ కోసం వెతకకండి, ముందు ఆ పేజీలో ఎన్నికల వార్త ఉందేమో చూడండి.