పేపర్ నడిపినాయనే క్వయర్ పెట్టాడు: ఆగస్ట్ ష్మిట్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: సార్, నేను మా చర్చి క్వయర్‌లో బాస్ (మగవాళ్ళ కింది గొంతు) పాడతాను. మొన్న ప్రాక్టీస్ అయ్యాక మాటల్లో మా మాస్టర్‌గారు "బ్లూ డాన్యూబ్" అనే పేరున్న వియన్నా నాట్య సంగీతం మొదట వాయించింది కాదు పాడింది అన్నారు, పాడిన సంఘాన్ని పెట్టింది ఒక పత్రిక ఎడిటర్ అని కూడా అన్నారు. నిజమేనా? ఎవరండీ ఆయన? (ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి)

జవాబు: మీ మాస్టర్‌గారు చెప్పిన రెండూ నిజమేనండి. 1867 ఫిబ్రవరి 15న వియన్నాలో డయానాబాద్ అనే హాల్లో (అది అసలు ఈతకొలను, చలికాలంలో కొలను మూసేసి పైన హాల్‌గా వాడేవాళ్ళు) వియన్నా మగవాళ్ళ గాయక సంఘం దాన్ని మాటలతో పాడింది. సంగీతం యోహాన్ స్ట్రాస్‌ది, మాటలు యోజెఫ్ వైల్‌వి, ఈయన పోలీసు శాఖలో ఉద్యోగి, సంఘానికి పాటలు రాసిపెట్టేవాడు. అంతకుముందు ఏడాదే ప్రష్యా అనే జర్మన్ రాజ్యం చేతిలో ఆస్ట్రియా యుద్ధం ఓడిపోయింది, ఊరంతా దిగులుగా ఉంది, అందుకని "వియన్నావాళ్ళారా సంతోషంగా ఉండండి" అన్న ధోరణిలో రాశాడు. ఈ రోజు మనం వినే ఆర్కెస్ట్రా రూపానికి పేరొచ్చింది తర్వాత.

ఆ సంఘాన్ని 1843 అక్టోబర్‌లో పెట్టినాయన ఆగస్ట్ ష్మిట్. 1808లో వియన్నాలో పుట్టాడు, 1891లో అక్కడే పోయాడు. స్ట్రాస్ పేరు తెలియని ఊరు లేదు, ష్మిట్ పేరు మాత్రం వియన్నాలో కూడా చాలామందికి తెలీదనుకుంటా, నాకైతే ఇది అన్యాయమనిపిస్తుంది. ఎందుకంటే పాట కట్టినవాడు ఎంత గొప్పవాడైనా దాన్ని పాడే యాభైమందిని ఒకచోట కూర్చోబెట్టే మనిషి ఒకడు ముందే ఉండాలి కదా.

ప్రశ్న: చేతిలో పత్రిక ఉన్న మనిషి తనే సంఘం పెట్టి తన పత్రికలోనే దాని గురించి రాసుకుంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టు కాదా? (ఒక పాఠకుడు, నల్లకుంట)

జవాబు: ఆ ప్రమాదం ఉంది, కాదనను. కానీ ఆయన పత్రిక ఏం చేసిందో చూస్తే మీ అభిప్రాయం కొంచెం మారొచ్చు.

1841లో మొదలుపెట్టాడు, పేరు "వియన్నా సార్వజనిక సంగీత పత్రిక" అనుకోండి, వారానికి 3 సార్లు వచ్చేది. సంగీతానికి మాత్రమే వారానికి 3 సంచికలు! అంతకుముందు "ఆర్ఫియస్" అని ఏడాదికొక సంగీత సంచిక కూడా తెచ్చాడు. 1846లో ఎడ్వర్డ్ హాన్స్‌లిక్ అనే లా చదివే కుర్రాడు జర్మన్ సంగీతకర్త వాగ్నర్ కొత్త ఒపెరా (పాటలతో నడిచే నాటకం) "టాన్‌హాయిజర్"ని మెచ్చుకుంటూ పెద్ద వ్యాసం రాస్తే దాన్ని సీరియల్‌గా వేసింది ఈ పత్రికే. ఆ కుర్రాడే తర్వాత యూరప్‌లో అందరూ భయపడే విమర్శకుడయ్యాడు, వాగ్నర్‌కి బద్ధవిరోధి కూడా అయ్యాడు, అది వేరే కథ.

ఇంకొకటి. వియన్నాలో "ౘూమ్ ఆమోర్" అనే సత్రంలో కొందరు స్నేహితులు తరచూ కలిసేవాళ్ళు: కవి లేనౌ, విమర్శకుడు ఆల్ఫ్రెడ్ బెకర్, వయొలిన్ వాయించే కార్ల్ హోల్జ్, ఒపెరా కండక్టర్ ఒట్టో నికొలాయ్, మన ష్మిట్. బీథోవెన్ సింఫనీలు (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచనలు) సరిగ్గా వినిపించే ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రా కచేరీలు ఊళ్ళో ఎందుకు లేవు అన్న మాట అక్కడే నలిగి నలిగి చివరికి నికొలాయ్‌ని ఒప్పించారు, 1842 మార్చి 28న ఒపెరా ఆర్కెస్ట్రా వాళ్ళతో ఆయన పెద్ద కచేరీ చేశాడు. అదే ఇప్పటి వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాకి మొదలు. అంటే రెండేళ్ళు కూడా తిరక్కుండా రెండు సంస్థల పుట్టుకలో ఈ పత్రికాయన చెయ్యి ఉంది, రెండూ ఈనాటికీ నడుస్తున్నాయి.

ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి తర్వాత ఏమైందో చదివితే మనసు కలుక్కుమంటుంది. లేనౌకి 1844లో మతి చలించింది, మళ్ళీ కోలుకోలేదు. బెకర్‌ని 1848 విప్లవంలో పత్రిక నడిపినందుకు పట్టుకుని ఆ నవంబర్‌లో కాల్చి చంపారు. నికొలాయ్ 1849లో 38 ఏళ్ళకే బెర్లిన్‌లో పోయాడు. ష్మిట్ 1847లోనే పత్రికని వేరేవాళ్ళకి అప్పజెప్పాడు, మరుసటి ఏడాది అది ఆగిపోయింది కూడా, సంఘం మాత్రం ఆగలేదు.

సొంత డబ్బా అన్నారు కాబట్టి మన ఊరి మాట ఒకటి చెప్తాను. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టారు, నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే 354 మంది కవుల్ని పోగేసి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు, అంతకుముందే 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకి అధ్యక్షత వహించారు. పత్రిక, సభ ఆయనకి రెండు వేరు పనులు కాదు. దాన్ని డబ్బా అని ఎవరైనా అంటారా? సభ పెట్టాలంటే సర్కారు పర్మిషన్ కావాలన్న "గస్తీ నిషాన్ 53" (నిజాం సర్కారు 53వ నంబర్ సర్క్యులర్) అమల్లో ఉన్న రోజులవి. ష్మిట్ కాలం కూడా అచ్చం అలాంటిదే, ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిక్ పాలన, పదిమంది మగాళ్ళు ఒకచోట చేరితే పోలీసులకి అనుమానం, పత్రికలో ప్రతి లైను సెన్సార్ చూడాల్సిందే. బెర్లిన్‌లో ౘెల్టర్ అనే సంగీతకర్త ఇలాంటి గాయక బృందాన్ని 1809లోనే పెడితే వియన్నాకి అది 1843లో గానీ రాలేదంటే అందులో ఈ భయం పాత్ర చాలా ఉంది.

ప్రశ్న: ఆడవాళ్ళని రానివ్వలేదా మేడమ్/సార్? (ఒక పాఠకురాలు, తార్నాక)

జవాబు: లేదమ్మా, పేరులోనే మగవాళ్ళది అని ఉంది. ఇద్దరూ కలిసి పాడే పెద్ద క్వయర్ "సింగ్‌ఫెరైన్" 1858లో వచ్చింది, దాన్ని తీర్చిదిద్దిన యోహాన్ హెర్బెక్ ష్మిట్ సంఘానికి కూడా క్వయర్ మాస్టరే. అంతవరకు ఆడవాళ్ళు ఆగాల్సి రావడం నాకు నచ్చని సంగతే.

ప్రశ్న: అన్నా, మేం బోయిన్‌పల్లిల కొంతమంది దోస్తులం కలిసి ఓ పాటల గ్రూప్ పెడదామనుకుంటున్నం. అందరం లీడరే కావాలంటున్నరు, రెండు మీటింగులకే కొట్లాట. ఆయన ఎట్ల నడిపిండు? (ఒక పాఠకుడు, బోయిన్‌పల్లి)

జవాబు: తమ్ముడూ, మీ ప్రశ్న చాలా నచ్చింది. ష్మిట్ చేసిన అన్నిటికన్నా తెలివైన పని ఏంటంటే సంఘం తను పెట్టి, క్వయర్ ముందు నిలబడి నడిపించే పని గుస్టావ్ బార్త్‌కి ఇచ్చాడు. పెట్టినోడు వేరు, పాడించేటోడు వేరు. మన గానసభల్లో కూడా చూడు, కచేరీ చేసే విద్వాంసుడి కన్నా ముందొచ్చి కుర్చీలు సర్ది మైకు చెక్ చేసి, అందరూ పోయాక తాళం వేసి వెళ్ళే సెక్రటరీ ఒకాయన ఉంటాడు, ఆయన లేకపోతే సభే లేదు. మీలో ఆ పని ఎవరు చేస్తారో ముందు తేల్చుకోండి, లీడర్ సంగతి తర్వాత.

రెండోది, వాళ్ళు గొంతుల్ని నాలుగు భాగాలు చేసుకునేవాళ్ళు, పై టెనార్, కింది టెనార్, పై బాస్, కింది బాస్ (టెనార్ అంటే మగవాళ్ళ పై గొంతు). ఒక్కడు రాకపోయినా వాడి భాగం బోలుగా వినిపిస్తుంది, అందుకే ఎవడూ ఎక్కువా కాదు తక్కువా కాదు. అందరూ ఒకే వరుస పాడితే గట్టిగా పాడినోడే లీడర్ అయిపోతాడు, మీ కొట్లాటకి సగం కారణం అదేనేమో ఆలోచించు.

మూడోది, పాడటమే కాకుండా బయట ఇంకేదో పని కూడా పెట్టుకోండి. వియన్నా సంగీతకర్త షూబర్ట్ 1828లో 31 ఏళ్ళకే పోయాడు, మగ గొంతుల కోసం బోలెడు రాశాడు, వీళ్ళు అవి పాడారు, డబ్బులు పోగేశారు, 1872లో వియన్నా సిటీ పార్క్‌లో ఆయన విగ్రహం నిలబెట్టారు, చెక్కింది కార్ల్ కుండ్‌మన్. సంఘానికి 50 ఏళ్ళు నిండినప్పుడు 1893లో ఆస్ట్రియా సంగీతకర్త బ్రుక్నర్ అంతటివాడు "హెల్గోలాండ్" అని పెద్ద రచన వీళ్ళ కోసం చేసిచ్చాడు, అప్పటికి ష్మిట్ పోయి రెండేళ్ళు.

మీ గ్రూప్‌కి వినడానికి ఏదైనా కావాలంటే షూబర్ట్ మగ క్వయర్‌కి రాసిన "నీళ్ళ మీద ఆత్మల పాట"తో మొదలుపెట్టండి, 8 మగ గొంతులు, కింద వయోలాలు, చెల్లోలు, డబుల్ బాస్ (వయొలిన్ లాంటివే, ఇంకా పెద్ద తీగ వాయిద్యాలు), అంతే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరికి వాళ్ళు కాకుండా అందరూ ఒకచోట కూర్చుని వినండి, తర్వాత ఎవరు ఏ భాగం పాడగలరో అప్పటికప్పుడే మాట్లాడుకోండి.