ఆ విధవరాలిది ఏ ఊరు?

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి, వందనములు.

‘సంఘ పరిచర్యలో కృత్రిమ మేధ’ అన్న నీ వ్యాసం మంగళవారం అందింది. భాష శుభ్రంగా ఉంది. కోనసీమ లంక గ్రామంలో కొడుకును పోగొట్టుకున్న ఒక విధవరాలు, యౌవనస్థులు ఏఐ చేత రాయించి చదివిన ప్రార్థన విని, మూడు నెలల తరువాత మొదటిసారి కన్నీరు పెట్టుకున్నదని మొదటి పేరాలో రాశావు. అది చదివి నా కళ్లు చెమర్చాయి. మీ వదినను పిలిచి చదివి వినిపించాను. ఆమె చేస్తున్న పని ఆపి, ‘పాపం, ఆవిడది ఏ ఊరట? స్త్రీల సమాజం తరఫున ఒకసారి వెళ్లి చూసి వద్దాం’ అన్నది. ఊరి పేరు కనుక్కుందామనే నీకు ఫోన్ చేశాను. ‘అలాంటి మనిషి ఎవరూ లేరన్నా, ఆరంభం ఆకట్టుకోవాలని ఏఐ ఇచ్చిన ఉదాహరణ’ అని నీవు తడబడకుండా చెప్పావు. ఆ మాట మీ వదినకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కథ రాసి కథ అని చెబితే నాకు అభ్యంతరం లేదు. ప్రభువు కూడా ఉపమానాలు చెప్పాడు. అవి ఉపమానాలని విన్నవారికి తెలుసు. నీవు రాసింది ఉపమానం కాదు, సాక్ష్యం. మన సంఘాల్లో ఎవరైనా లేచి సాక్ష్యం చెబితే, పక్కన కూర్చున్నవారికి ఆ మనిషి ఇల్లూ వాకిలీ తెలుసు, తీర్చని బాకీ కూడా తెలుసు, తేడా వస్తే గుమ్మం దగ్గరే నిలదీస్తారు. ‘కన్నులార ఏది చూచితిమో, మా చేతులు దేనిని తాకి చూచెనో’ అని యోహాను తన మొదటి పత్రికను ఆరంభించింది ఆ బాధ్యతతోనే. సాక్ష్యం వెనుక, వెళ్లి అడగడానికి ఒక మనిషి ఉండాలి. దాదాపు నలభై ఏళ్లుగా నేను పట్టుకుని వేలాడుతున్న మాట ఇదొక్కటే.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. 1988లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఒక క్రైస్తవ మాసపత్రికకు సాక్ష్యాలు సేకరించి రాసేవాడిని. కృష్ణా జిల్లాలో ఒక నేత కార్మికుడు పచ్చకామెర్లతో రెండు నెలలు మంచాన పడి లేచాడని విని, సైకిల్ మీద వెళ్లి, మగ్గం గుంట పక్కన కూర్చుని ఆయన చెప్పినదంతా రాసుకుని పంపాను. సంపాదకుడు దానికి ‘వైద్యులు చేతులెత్తేసిన వేళ’ అని శీర్షిక పెట్టి, నేను రాయని నాలుగు వాక్యాలు మధ్యలో చేర్చి అచ్చు వేశాడు. నాకు తెలియదు, సంతోషంగా పత్రిక పట్టుకుని మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఆయన కూతురు పైకి చదువుతుంటే విన్నాడు. ఆడుతున్న మగ్గం ఆపి, ‘అయ్యా, డాక్టరుగారు చేతులెత్తేశారని రాశారేమిటి? ఆ మహానుభావుడు పైసా పుచ్చుకోకుండా రోజూ ఇంటికొచ్చి చూశాడు. ఇది ఆయన చదివితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?’ అన్నాడు. ‘నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు’ అన్న ఆజ్ఞలో ఆ ‘పొరుగువాడు’ ఎవరో నాకు ఆ మగ్గం దగ్గర తెలిసింది. సవరణ వేయమంటే సంపాదకుడు ఒప్పుకోలేదు. ‘దేవునికి మహిమ వస్తే చాలదా’ అన్నాడు. ఆ పత్రికకు మళ్లీ రాయలేదు. ఆ మాటను మాత్రం నేటికీ క్షమించలేకపోతున్నాను, ఎందుకంటే వీడియోల మీద ఏడుపు ముఖాలు అతికించేవారూ, చనిపోయిన దైవజనుల గొంతును యంత్రంతో పలికించి కొత్త ప్రసంగాలు వదిలేవారూ ఇప్పుడు అదే మాట చెబుతున్నారు.

సహాయం తీసుకోవడం తప్పని నేననడం లేదు. పౌలు కూడా రోమీయులకు పత్రిక తన చేతితో రాయలేదు, చెప్పి రాయించాడు. అయితే పదహారవ అధ్యాయంలో ‘ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను’ అని ఆ లేఖకుడు తన పేరు తానే చెప్పుకుని వందనాలు పంపాడు. థెస్సలొనీకయులకు రెండవ పత్రిక చివర పౌలు తన చేవ్రాతే గురుతు అన్నాడు, ఎందుకంటే తన పేరుతో వేరే పత్రికలు తిరిగే ప్రమాదం అప్పటికే ఉంది. 2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యుర్త్‌లో చాట్‌జీపీటీ తయారుచేసిన ఆరాధన గురించి నీవు రాశావు. దాని రుచి నాకు నచ్చకపోయినా అందులో మోసం లేదు. అది యంత్రం చేసినదని తెలిసే మూడు వందల మందికి పైగా వచ్చారు. నీవు రాయని సంగతి మరొకటుంది. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక కతోలిక సంస్థ ‘ఫాదర్ జస్టిన్’ అనే ఏఐ గురువును, అంటే ఫాదరీని, పెట్టింది. అది తాను నిజమైన గురువుననీ, ఇటలీలోని అస్సీసీలో ఉంటాననీ అడిగినవారికి చెప్పింది. విమర్శలు రేగడంతో కొద్ది రోజుల్లోనే దాని గురువు వేషం తీసేశారు. నీ విధవరాలూ ఆ ఫాదరూ ఒకే కోవకు చెందినవారు.

యంత్రం ఎందుకలా చేస్తుందో నీవు తెలుసుకోవాలి. అది బైబిలు తెరచి చూడదు. చదివిన కోట్ల వాక్యాలను బట్టి ఏ మాట తరువాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి పేరుస్తుంది. నీ నాలుగో పేజీలో ‘యెషయా 40:32’ అని ఉంది. ఆ అధ్యాయంలో ఉన్నవి 31 వచనాలే. ‘యెహోవా కొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు’ అన్న వచనాన్ని సండే స్కూలు పిల్లలు కూడా కంఠతా చెబుతారు. నీవు మాత్రం ఏ తెలుగు బైబిల్లోనూ లేని మాటలతో, లేని వచన సంఖ్యతో ఇచ్చావు. పుస్తకం తెరవడానికి ఒక్క నిమిషం పట్టేది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఏడో పేజీ. వాట్సాప్ గ్రూపుకు వచ్చే ప్రార్థన మనవులన్నీ ఏఐకి ఇచ్చి, ఒక్కొక్కరికి వారి పేరుతో ప్రార్థన తయారు చేయించవచ్చని సలహా ఇచ్చావు. మా సంఘంలో ఒక తల్లి ‘నా కోడలికి మూడోసారి కూడా గర్భం నిలవలేదు’ అని రాసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కానుకల సంచిలో వేసింది. ఆ నాలుగు మడతలను విప్పే హక్కు ఆమె పాస్టరుగారికి ఇచ్చింది, అది కూడా మోకాళ్ల మీద ఉండి చదవడానికి. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా చట్టం ఏమంటుందో తరువాత చూద్దాం. ఆ కోడలి పేరు ఎక్కడో ఉన్న ఒక కంపెనీ కంప్యూటరులోకి పంపడానికి నిన్ను ఎవరు అనుమతించారు? ఆ పేజీ పూర్తిగా తీసేయి.

ఏ యాప్ మంచిదని అడిగావు, పుస్తకంగా వేయవచ్చా అని కూడా అడిగావు. వాటి సంగతి తరువాత. ఇప్పుడు వ్యాసం ఆరంభం మార్చు. నీవు జతచేసిన ఉత్తరంలో, చూపు మందగించిన మీ నాయనమ్మకు బైబిలు చదివి వినిపించే యాప్ ఫోనులో పెట్టి ఇచ్చానని, ఆమె తెల్లవారుజామున వేలు ఎక్కడో తగిలి ‘అబ్బాయ్, ఇది మళ్లీ ఆదికాండమే చదువుతోందిరా’ అని కేకేస్తుందని రెండు వాక్యాలు రాశావు. అక్కడి నుంచి మొదలుపెట్టు. ముందు ఆమెకు చదివి వినిపించి, సరేనంటేనే పంపు. మీ వదిన ఆమెను చూడటానికి వస్తానంటున్నది.

క్రీస్తు ప్రేమలో,
నీ అన్న