అమ్మలూ, ముందు దాని దూకుడు తగ్గించు

అమ్మలూ,

నువ్వు కొన్న రిమోట్ హెలికాప్టర్ ఫొటోలన్నీ చూశాను. నేర్చుకోవడానికి దాన్ని ఎలా సెట్ చెయ్యాలని అడిగావు కదా. 450 సైజు, మూడు సెల్లుల బ్యాటరీ, 325 మిల్లీమీటర్ల బ్లేడ్లు, ఫ్లైబార్ (నిలకడ కోసం బ్లేడ్లకు అడ్డంగా పెట్టే కడ్డీ) లేని హెడ్డు. సెకండ్ హ్యాండ్ అయినా మంచి మిషనే. కానీ నీకు అమ్మినతను దీన్ని తలకిందులుగా ఎగరేస్తూ విన్యాసాలు చేయించేవాడు. రిమోట్ స్క్రీన్ మీద కర్వులు (స్టిక్ ఎంత కదిపితే మిషన్ ఎంత స్పందించాలో చూపే గీతలు) చూస్తే ఆ సంగతి తెలిసిపోతోంది. అతని చేతికి ఆ సెట్టింగు సరిపోయింది. నీ చేతికి అది పనికిరాదు.

కొత్తవాళ్ళ హెలికాప్టర్‌ను, మిషన్ ఎంత చెయ్యగలదో చూసి సెట్ చెయ్యకూడదు. టెన్షన్‌లో ఉన్నప్పుడు నువ్వు ఎంత త్వరగా ఆలోచించగలవో చూసి చెయ్యాలి. మొదటి నెలల్లో తోక ఎటుందో గుర్తుపట్టి, ఏ స్టిక్ ఎటు కదపాలో తేల్చుకునేసరికి ఒక సెకను గడిచిపోతుంది. ఆ సెకనులో మిషన్ రెండడుగులు జరిగితే పట్టుకుంటావు. ఇరవై అడుగులు దూసుకుపోతే పట్టుకోలేవు. కింద నేను చెప్పేవన్నీ నీకు ఆ సెకను మిగల్చడానికే.

బ్యాటరీ తగిలించే ముందు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) నుంచి మోటారుకు వెళ్ళే మూడు వైర్లూ ఊడదీసి పక్కన పెట్టు. మెయిన్ బ్లేడ్లు కూడా విప్పెయ్యి. టేబుల్ మీద సెట్టింగు చేస్తున్నంతసేపూ వైర్లు అలాగే ఉండాలి, బ్లేడ్లు పిచ్ కొలిచేటప్పుడు మాత్రమే తగిలించు. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాటకు ఎదురు చెప్పకు తల్లీ. 2013లో న్యూయార్క్‌లోని ఒక పార్కులో పందొమ్మిదేళ్ళ కుర్రాడు సొంత మోడల్ హెలికాప్టర్ బ్లేడు తగిలి చనిపోయాడు. అది దీనికన్నా పెద్ద మిషనే, కానీ నీ చేతిలో ఉన్నదాని బ్లేడ్లు కూడా వేళ్ళను వదలవు.

తర్వాత మిషన్‌ను నిదానంగా తడిమి చూడు. బాల్ లింకులు ఒక్కొక్కటీ పట్టుకుని కదిపితే లూజు తెలియకూడదు. బ్లేడ్లు పట్టే గ్రిప్పుల మధ్య ఉండే సన్నని షాఫ్ట్‌ను బయటికి తీసి గాజుపలక మీద దొర్లించు. వంగి ఉంటే ఎగిరెగిరి దొర్లుతుంది, అప్పుడు మార్చేయాలి. పడిన మిషన్లలో ఎక్కువగా వంగేది అదే, సెకండ్ హ్యాండ్ వాటిలో తరచుగా ఎవరూ చూడనిదీ అదే. లోహంలోకి బిగించే ప్రతి స్క్రూకు నీలం రంగు థ్రెడ్ లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వెయ్యి. ప్లాస్టిక్‌లోకి వెళ్ళేవాటికి వద్దు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. కలెక్టివ్ స్టిక్‌ను (మిషన్‌ను పైకీ కిందికీ నడిపేది) సరిగ్గా మధ్యలో పెట్టు. మూడు సర్వోల (లింకులను కదిపే చిన్న మోటార్ల) ఆర్ములూ లింకులకు లంబంగా ఉండాలి, స్వాష్ ప్లేటు (ఆ కదలికను బ్లేడ్లకు అందించే పళ్ళెం) మట్టంగా ఉండాలి, బ్లేడ్ల పిచ్ (బ్లేడు వాలు కోణం) సున్నా ఉండాలి. ఈ మూడూ కుదరకుండా రిమోట్‌లో ఎన్ని అంకెలు మార్చినా లాభం లేదు. ఆర్ము ఒక పన్నులోపు తేడాగా ఉంటే, రిమోట్‌లో సర్వో మధ్య స్థానాన్ని కాస్త జరిపే సబ్ ట్రిమ్‌తో సర్దు, మిగతాది లింకు పొడవుతో సర్దుకో. పిచ్ గేజ్ తప్పకుండా కొను. డిజిటల్ దొరికితే మరీ మంచిది. కంటితో చూసి ఐదు డిగ్రీలని అనుకున్నది చాలాసార్లు ఎనిమిది ఉంటుంది.

అది కుదిరాక పిచ్ కర్వ్, అంటే స్టిక్ ఎక్కడుంటే పిచ్ ఎంత ఉండాలో రిమోట్‌కు చెప్పడం. మిషన్ మొత్తం పరిధిని అటు పదకొండు, ఇటు పదకొండు డిగ్రీలకు పెట్టావనుకుందాం. పాత ఓనరు ఆ పరిధినంతా వాడాడు. నీకు స్టిక్ పూర్తిగా కింద ఉన్నప్పుడు మైనస్ 2, మధ్యలో 5, పూర్తిగా పైన 9 డిగ్రీలు చాలు. రిమోట్ లెక్కలో దాదాపు 41, 73, 91 శాతం. ఇలా పెడితే స్టిక్ సగంలో ఉన్నప్పుడు మిషన్ గాల్లో నిలబడుతుంది. కంగారులో స్టిక్‌ను ఒక్కసారిగా కిందికి లాగేసినా నేలలోకి గుచ్చుకుపోదు, దిగుతుంది. కిందివైపు సున్నా పెట్టమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. కాస్త గాలి వీస్తే సున్నా పిచ్‌తో మిషన్ దిగనని మొండికేస్తుంది, నువ్వు కింద నిలబడి చూస్తూ ఉండాల్సి వస్తుంది. మొదటి నుంచీ స్టిక్ మధ్యలో సున్నా పిచ్‌తోనే అలవాటు పడాలనే వాళ్ళూ ఉన్నారు. విన్యాసాల దాకా వెళ్ళాలనుకునే వాళ్ళకు ఆ మాట సబబే. నువ్వు అడిగింది ప్రశాంతంగా ఎగరేసుకోవడం గురించి కదా, నీకు నా లెక్కే హాయి.

ఇక రోటర్ వేగం. విన్యాసాలకు ఈ సైజు మిషన్లను నిమిషానికి 2,700 చుట్లకు పైన తిప్పుతారు. నీకు 2,200 నుంచి 2,400 మధ్య చాలు. వేగం తగ్గితే చప్పుడు తగ్గుతుంది, స్టిక్‌కు స్పందన మెత్తబడుతుంది, పడినా నష్టం తక్కువ. అలాగని మరీ తగ్గించకు. 2,000 కంటే కిందికి వెళితే తోకకు బలం చాలదు, గాలి తోస్తే మిషన్ సర్దుకోలేదు. వేగం తగ్గించడానికి థ్రాటిల్‌ను యాభై శాతానికి కోసెయ్యడం చాలామంది చేసే పని. సగం థ్రాటిల్‌లో ఎక్కువసేపు నడిస్తే ఈఎస్‌సీ వేడెక్కిపోతుంది. దానికన్నా మోటారు మీది పినియన్ (చిన్న పళ్ళ చక్రం) మార్చడం మంచిది. నీ ఫొటోలో 13 పళ్ళది ఉంది. 11 పళ్ళది వేస్తే వేగం దానంతటదే పదిహేను శాతం దాకా తగ్గుతుంది. పినియన్‌కూ పెద్ద గేరుకూ మధ్య సన్నని కాగితం పట్టేంత సందు ఉండేలా మోటారు బిగించు. ఈఎస్‌సీలో గవర్నర్ మోడ్ ఆన్ చేసి, థ్రాటిల్ కర్వ్‌ను అన్ని పాయింట్లలోనూ ఒకే అంకె దగ్గర తిన్నగా పెట్టు. అప్పుడు పైకి లేచినా కిందికి దిగినా రోటర్ ఒకే వేగంతో తిరుగుతుంది. తోక కూడా కుదురుగా ఉంటుంది.

థ్రాటిల్ హోల్డ్ (మోటారును వెంటనే ఆపేసే) స్విచ్‌ను నీ వేలికి సులువుగా అందేచోట పెట్టుకో. బ్యాటరీ తగిలించే ముందు హోల్డ్ ఆన్, దూరంగా వచ్చి నిలబడ్డాక ఆఫ్. పడిపోతోందని తెలిసిన క్షణంలో మళ్ళీ ఆన్. ఈ చివరిది సిమ్యులేటర్‌లో వేలికి అలవాటు కావాలి, ఆలోచించి చేసే టైము ఉండదు. రియల్ ఫ్లైట్ లాంటి సిమ్యులేటర్ దొరికితే రోజూ కాసేపు కూర్చో. నీ రిమోట్ మోడ్ 2, అంటే కలెక్టివ్, తోక ఎడమచేతిలో ఉంటాయి. సిమ్యులేటర్‌లోనూ అదే పెట్టుకో.

స్టిక్ స్పందన దగ్గరికి వద్దాం. డ్యూయల్ రేట్ (స్టిక్ పూర్తిగా తోసినా మిషన్ ఎంతవరకు స్పందించాలో) 60 నుంచి 70 శాతం, ఎక్స్‌పో (స్టిక్ మధ్య దగ్గర స్పందనను మెత్తబరిచేది) 30 శాతం. ఎక్స్‌పోకు ప్లస్ పెట్టాలా మైనస్ పెట్టాలా అన్నది రిమోట్ కంపెనీని బట్టి మారుతుంది. స్పెక్ట్రమ్‌లో ప్లస్ అయితే ఫుటాబాలో మైనస్. స్క్రీన్ మీద గీత మధ్యలో చదునుగా, చివర్లలో నిటారుగా కనిపిస్తే సరిగ్గా పెట్టినట్టు. ఫ్లైబార్‌లెస్ యూనిట్‌లో (ఫ్లైబార్ బదులు జైరోతో మిషన్‌ను నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ పెట్టె) తిరిగే వేగం విడిగా ఉంటుంది, దాన్నీ తగ్గించు. తోక తిరిగే వేగం తగ్గించు గానీ దాంతోపాటు జైరో గెయిన్ (జైరో తోకను ఎంత గట్టిగా పట్టి ఉంచాలో చెప్పే అంకె) తగ్గించకు. గెయిన్ తక్కువైతే తోక పక్కలకు జారుతుంది, ఎక్కువైతే గడగడా వణుకుతుంది. వణుకు మొదలయ్యే దాకా పెంచి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి రా.

బయటికి తీసుకెళ్ళే ముందు జైరో దిక్కు చూడు. మోటారు వైర్లు ఊడదీసే ఉంచి మిషన్‌ను చేత్తో పట్టుకో. ముక్కు కిందికి వంచితే స్వాష్ ప్లేటు వెనక్కి వాలాలి. ముక్కును ఎడమకు తిప్పితే తోక సర్వో, నువ్వు కుడి స్టిక్ నొక్కినప్పుడు ఎటు కదులుతుందో అటే కదలాలి. ఇది తలకిందులైతే నేల వదిలిన మరుక్షణం మిషన్ బొంగరంలా తిరిగి పడుతుంది, దాన్ని ఏ పైలట్టూ ఆపలేడు. బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి, హెడ్డు దగ్గర పట్టుకుని ఎత్తినప్పుడు మట్టంగా ఉండేలా చూసుకో.

మిషన్ కాళ్ళ కింద రెండు సన్నని ఫైబర్ కర్రలు అడ్డంగా కట్టి, నాలుగు చివర్లా పింగ్‌పాంగ్ బంతులు గుచ్చు. ఎటు వాలి దిగినా పల్టీ కొట్టకుండా ఆపేవి అవే. సిమెంటు నేల, గట్టి మట్టి నేల దీనికి బాగుంటాయి. గడ్డిలో బంతులు ఇరుక్కుంటాయి.

మీ కాకినాడలో పొద్దెక్కితే సముద్రపు గాలి మొదలవుతుంది, అందుకే తెల్లవారగానే వెళ్ళు. ముందు రోజే డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ సైటు) మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్‌లో (ఎగరెయ్యడానికి ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) ఉందో లేదో చూడు. ఈ మిషన్ బరువు 250 గ్రాములకూ రెండు కిలోలకూ మధ్యలోనే కాబట్టి మైక్రో కేటగిరీ. సరదాకు ఎగరేసుకోవడానికి 2021 డ్రోన్ రూల్స్ పైలట్ లైసెన్సు అడగవు. పిల్లలు మూగుతారు, అది మాత్రం తప్పదు. అమ్మనో నాన్ననో తోడు తీసుకెళ్ళు, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా చూసేందుకు.

పది మీటర్ల వెనక నిలబడు. తోక నీవైపు ఉండాలి. నీ కళ్ళు తోక మీద కాదు, ముక్కు మీద ఉండాలి. రోటర్ పూర్తి వేగం అందుకునేదాకా ఆగు. నేల మీద ఉండగా స్వాష్ ప్లేటు ఒక పక్కకు వాలుతున్నట్టు కనిపిస్తే దాన్ని స్టిక్‌తో సరిచెయ్యబోకు. అది ఫ్లైబార్‌లెస్ యూనిట్ స్వభావం, నువ్వు సరిచేస్తే లేచేటప్పుడు పల్టీ కొడుతుంది. స్టిక్ ధైర్యంగా పైకి తోసి నడుము ఎత్తుకు చేర్చు. జానెడు ఎత్తులో ఆగితే భద్రం అనిపిస్తుంది గానీ, అక్కడ రోటర్ గాలి నేలకు తగిలి తిరిగొచ్చి మిషన్‌ను జారుడు బల్ల మీద పెట్టినట్టు చేస్తుంది. మీటరు దాటితేనే కుదుట పడుతుంది. నిలబడ్డప్పుడు మిషన్ కాస్త కుడికి ఒరిగి కనిపిస్తుంది. తోక ఫ్యాన్ తోపును సరితూచడానికి అలా ఒరుగుతుంది, ట్రిమ్‌తో దాన్ని నిలబెట్టకు.

2200 ఎంఏహెచ్ బ్యాటరీని 2.2 యాంపియర్లకు మించి చార్జ్ చెయ్యకు. రిమోట్‌లో ఐదు నిమిషాల టైమర్ పెట్టుకుని, మోగగానే దించు. సెల్లు 3.7 వోల్టుల దగ్గర ఉంటే ఇరవై శాతం మిగిలినట్టు. ఆ రోజుకు ఇక ఎగరెయ్యకపోతే 3.8 దగ్గర దాచు. ఎండలో స్కూటర్ డిక్కీలో వదిలెయ్యకు, ఉబ్బిందాన్ని మళ్ళీ వాడకు.

తోక నీవైపు పెట్టి బ్యాటరీ అయ్యేదాకా ఒకేచోట నిలపగలిగాక పక్కకు తిప్పి నిలపడం మొదలుపెట్టు, ఆ తర్వాత ముక్కు నీవైపు. అందాకా ఈ అంకెలు ఏవీ పెంచకు. 11 పళ్ళ పినియన్, పిచ్ గేజ్ ఇక్కడ కోఠీలో వెతికి కొరియర్ చేస్తాను. అవి అందాక, మోటారు వైర్లు కలపకముందే వీడియో కాల్ చెయ్యి. స్టిక్ కింద, మధ్య, పైన ఉన్నప్పుడు గేజ్ ఎంత చూపిస్తోందో నాకు చూపించు.

ఇట్లు,
మీ మావయ్య